నౌపడ ఎర్రనీళ్ళు

మార్చి నెలాఖరులో విశాఖపట్నం నుంచి పలాస వెళ్ళే పాసింజరు బండిలో కిటికీ పక్క సీటు దొరికితే వృక్షశాస్త్రం పాఠం సగం దారిలోనే అయిపోతుంది. విజయనగరం చుట్టుపక్కల మామిడి తోటల్లో ఒక కొమ్మకి పిందెలు వేలాడుతుంటే పక్క కొమ్మ కొత్త చిగురు తొడుగుతోంది. రాగి రంగు, వంగపండు రంగు, వాటి మధ్య అక్కడక్కడ లేత ఆకుపచ్చ. ఆ చిగుళ్ళు బిగువుగా నిలబడవు. నీళ్ళు చాలనట్టు కిందికి జారి వేలాడతాయి. పొందూరు దాటాక ఒక గేటు దగ్గర బండి ఆగింది. గేటు పక్కనే రావిచెట్టు. పాత ఆకంతా రాల్చేసి, ఒంటినిండా గులాబీ ఛాయ లేతాకు వేసుకుని ఉంది. పొద్దుటి ఎండ ఆ ఆకుల గుండా దిగి వస్తోంది.

ఉగాది రోజుల్లో ఈ రంగు చూసి మనసు పొంగని వాళ్ళుండరు. ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ చెప్పినదాన్ని కాబట్టి నాకు ఆ అందంతో పాటు ఆకు పడుతున్న ఇబ్బంది కూడా కనిపిస్తుంది. లేతాకులో పత్రహరితం అప్పుడప్పుడే కూడుతోంది. వెలుగును పట్టుకోవడం మొదలుపెట్టేసింది. పట్టిన శక్తితో గాలిలోని కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే ఎంజైముల సరంజామా మాత్రం ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. ఎండ చూస్తే ముదురాకు మీద పడినంతే దీని మీదా పడుతోంది. అందుకే చెట్టు లేతాకులో ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగును నింపుతుంది. పత్రహరితానికి చేరవలసిన వెలుగులో కొంత భాగాన్ని ఆ రంగు దారిలోనే పీల్చేసుకుంటుంది. ఆకు వేలాడి ఉండటం వల్ల నడినెత్తి ఎండ నేరుగా దాని ముఖాన పడదు. ఎరుపు పురుగుల్ని దూరం పెట్టడానికేనని వాదించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఒకే రంగు రెండు పనులూ చేయకూడదని ఏమీ లేదు. ఆకు ముదిరి, పని చేతికొచ్చాక ఎరుపు వెలిసిపోతుంది, ఆకు తల ఎత్తుతుంది.

మన పాఠ్యపుస్తకాలు ఆకు వెలుగును ఎలా పట్టుకుంటుందో పేజీలకి పేజీలు చెబుతాయి. వద్దనుకున్న వెలుగును ఏం చేస్తుందో ఒక పేరాలో ముగించేస్తాయి. నిర్మలమైన మధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరు చోట మీద సెకనుకి సుమారు 2000 మైక్రోమోల్ ఫోటాన్లు పడతాయి. వరి, వేరుశనగ, చిక్కుడు జాతి పంటల ఆకు అందులో సగం కూడా వాడుకోకముందే దాని పని వేగం పతాక స్థాయికి చేరిపోతుంది. జొన్న, మొక్కజొన్న ఇంకొంచెం తట్టుకుంటాయి. మిగతాదంతా ఆకు అడగని వెలుగు. మన ప్రాంతపు మొక్కకి ఎండ కరువు ఎప్పుడో గాని రాదు, ఎండ ఎక్కువవడం రోజూ ఉంటుంది. ఈ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా బోర్డు మీది బొమ్మ దగ్గరే ఆగిపోయేది. అందుకే, మా దగ్గర చదువుకుని ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తున్న అమ్మాయి ఫోన్ చేసి, "మా నాన్న మడుల్లో నీళ్ళు ఎర్రబారాయి మేడమ్, వచ్చి చూడండి" అనగానే బయల్దేరాను.

ఆమదాలవలస దాటితే వంశధార. ఏటి మధ్యలో సన్నటి పాయ, రెండు పక్కలా ఇసుక. తిలారు, కోటబొమ్మాళి వచ్చాయి, పోయాయి. నౌపడ జంక్షన్లో దిగాను. గుణుపురం లైను ఇక్కడే చీలుతుంది. అక్కడి నుంచి సముద్రం వైపు ఆటోలో పోతుంటే తాటిచెట్లు పలచబడి, పొలాలు పోయి, నేల బల్లపరుపుగా పరుచుకుంటుంది. చూపు ఆనినంత మేర గట్లు, గట్ల మధ్య మడులు, మడుల పక్కన తాటాకు కప్పిన తెల్లటి ఉప్పు రాశులు.

తండ్రీ కూతుళ్ళు గట్టు మీదే ఎదురొచ్చారు. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, "ఎండెక్కితే ఇక్కడ నిలబడనేరు మేడమ్ గోరూ, ముందు నీళ్ళు సూసీండి, తరవాత టీ తాగుదుము" అన్నారు.

ఉప్పు పండించడం అంటే నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి నడిపించడం. ఏటి పోటుతో వచ్చిన సముద్రపు నీరు మొదట పెద్ద మడుల్లో నిలుస్తుంది. ఆ నీటిలో ఉప్పు మూడున్నర శాతం. ఎండకి ఆవిరవుతూ, చిక్కబడుతూ, ఒక్కో మడి దాటుకుంటూ వచ్చి చివరికి గట్టిగా తొక్కి చదును చేసిన చిన్న మడుల్లోకి చేరుతుంది. ఆయన గాజు గొట్టం నీటిలో వదిలి డిగ్రీలు చూపించారు. ఇరవై ఐదు దాటితే ఉప్పు రాలడం మొదలవుతుందట. గొట్టం లేకపోయినా ఆయనకి లెక్క తప్పదు. "నీరు పచ్చగుంటే ఇంకా పసరుగుందని. ఎర్రబారిందంటే ఉప్పు దిగడానికి దగ్గర పడినట్టే. మా తాత కాలం నుంచీ ఇదే లెక్క."

నేను గట్టు వెంబడి ఆ వరసలోనే నడిచాను. మొదటి మడిలో నీరు ఏటి నీటి రంగే. తరవాతి దానిలో పాచి పచ్చ. దాని తరవాత పసుపు కలిసిన పచ్చ. చివరి మడుల్లో నీరు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా, అంచుల్లో ఉప్పు పొరలు కట్టిన చోట గులాబీ రంగులో ఉంది. నీటిలో చేయి పెట్టి దోసిట్లోకి తీసుకుంటే రంగు దాదాపు కనపడదు. మడి నిండుగా చూస్తేనే ఎరుపు.

నా సంచిలో ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు సూక్ష్మదర్శిని అది. మడతపెట్టి పుస్తకంలో పెట్టుకోవచ్చు, నూట నలభై రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఎర్రమడి నీటి చుక్క ఒకటి గాజుపలక మీద వేసి, ఆకాశం వైపు తిప్పి కన్ను ఆనించాను. మొదట ఉప్పు గళ్ళు, నలుచదరంగా, అంచులు మెరుస్తూ. కన్ను కుదురుకున్నాక వాటి మధ్య నారింజ రంగు చుక్కలు కనిపించాయి. గుండ్రానికీ కోడిగుడ్డుకీ మధ్య ఆకారం. ఊరికే ఉండటం లేదు. ఒకటి ఉప్పు గడి అంచు దాకా వచ్చి, తడుముకుని, పక్కకి తిరిగి చూపులోంచి తప్పుకుంది. అది ఈదడానికి వాడే రెండు కశాభాలు ఈ కాగితపు పరికరానికి అందవు, కదలిక మాత్రం స్పష్టంగా ఉంది. తరవాత పచ్చమడి చుక్క చూశాను. అదే తీరు ఆకారాలు, అదే ఈత. రంగు మాత్రం ఆకుపచ్చ.

అమ్మాయి వాళ్ళ నాన్న కూడా కన్ను పెట్టి చాలాసేపు చూశారు. "ఇన్నాళ్ళూ ఇది మట్టి రంగనుకున్నాం. పేణముందా దీనికి?" అన్నారు. ఉంది. దీని పేరు డునాలియెల్లా. దక్షిణ ఫ్రాన్సులో మోంపెల్యే దగ్గరి ఉప్పు మడులు ఎందుకు ఎర్రబడతాయని 1838లో మిషెల్ ఫెలిక్స్ డునాల్ వెతికాడు. ఆ నీళ్ళలో తిరిగే చిన్న రొయ్యల వల్లే ఎరుపు వస్తోందని అప్పట్లో కొందరి వాదన. కంటికి కనపడని ఈ శైవలం వల్ల వస్తోందని ఆయన చెప్పాడు. 1905లో రొమేనియా శాస్త్రజ్ఞుడు టియోడొరెస్కో దీనికి డునాల్ పేరు పెట్టాడు. రొయ్యల సంగతి తిరగబడింది. అవి ఈ శైవలాన్ని తిని ఎర్రబడుతున్నాయి. రాజహంసల గులాబీ రంగు కూడా ఇలా నీటిలోని శైవలాల నుంచీ, వాటిని తిన్న జీవుల నుంచీ వచ్చేదే.

పుట్టుకతో ఇది ఆకుపచ్చ శైవలమే. తీరిగ్గా ఉన్న రోజుల్లో పచ్చగానే ఉంటుంది. మరి ఈ చివరి మడిలో దానికి వచ్చిన కష్టం ఏమిటి? ఉప్పును అది తట్టుకోగలదు. గట్టి కణకవచం కూడా లేని ఈ ప్రాణి తన లోపల గ్లిజరాల్ తయారుచేసుకుని బయటి ఉప్పుకి దీటుగా నిలబడుతుంది. కానీ నత్రజని లాంటి పోషకాలు చాలవు. ఉప్పు ఒత్తిడిలో, పోషకాలు లేకుండా పెరుగుదల ఆగిపోతుంది. కణం విడిపోయి రెండు కాలేదు. అయినా పత్రహరితం వెలుగును పట్టుకుంటూనే ఉంటుంది, దానికి ఆపడం తెలియదు. పట్టిన శక్తి ఖర్చయ్యే దారి లేక పత్రహరితం దగ్గరే నిలిచిపోతే అది పక్కనున్న ఆక్సిజన్‌కి అంటుకుంటుంది. అలా రేగిన ఆక్సిజన్ కొవ్వు పొరల్ని, ప్రొటీన్లను కాల్చేస్తుంది. అందుకే డునాలియెల్లా తన హరితరేణువులో బీటా కెరోటిన్‌ను చిన్న చిన్న నూనె బొట్లుగా నింపుకుంటుంది. క్యారట్‌కి రంగునిచ్చేదే ఈ బీటా కెరోటిన్. నీలం వెలుగును అది తానే పీల్చుకుని పత్రహరితానికి తెరగా నిలుస్తుంది. బాగా ఒత్తిడిలో ఉన్న కణాల ఎండు బరువులో పదో వంతు దాకా ఈ ఒక్క పదార్థమే ఉండగలదు. ఈ గుణం వల్లే పశ్చిమ ఆస్ట్రేలియాలో హట్ లగూన్ దగ్గరా, ఇజ్రాయెల్‌లో ఎయిలాట్ దగ్గరా దీన్ని సాగుచేసి బీటా కెరోటిన్ తీస్తున్నారు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మరీ చిక్కటి చివరి మడుల్లో ఎరుపంతా డునాలియెల్లాది కాదు. ఉప్పులోనే బతికే ఆర్కియా జాతి సూక్ష్మజీవులు అక్కడ కోట్లలో ఉంటాయి, వాటిలో బ్యాక్టీరియోరుబెరిన్ అనే మరో ఎర్ర కెరోటినాయిడ్ ఉంటుంది. అదీ ఎండ దెబ్బ నుంచి కాపాడేదే. పూర్తిగా వేరే వంశపు జీవులు అదే ఎండకి అదే రంగుతో జవాబు చెప్పడం నాకు ఆ మడి గట్టు మీద ఒళ్ళు జలదరించినంత పని చేసింది.

ఆ ఎరుపు రైతుకీ మేలు చేస్తుంది. రంగు ఉన్న నీరు ఎక్కువ ఎండను పీల్చుకుని ఎక్కువ వేడెక్కుతుంది, త్వరగా ఆవిరవుతుంది. ఉప్పు త్వరగా దిగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తల ఊపి, "అదే నేన్చెప్పీది. ఎర్రనీటిని మేం పారబొయ్యం" అన్నారు. అప్పటికి పొడవాటి కర్రకి అడ్డంగా చెక్క బిగించిన పనిముట్టుతో ఇద్దరు ఆడవాళ్ళు పక్క మడిలో ఉప్పు లాగుతున్నారు. కాళ్ళకి పాత సాక్సులు, వాటి మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నారు. ఉప్పు మీద పడి తిరిగొచ్చే ఎండకి నా కళ్ళు పదకొండింటికే మండిపోయాయి. వాళ్ళు అదే ఎండలో జూన్ దాకా పనిచేస్తారు.

ఆ రాత్రి వాళ్ళింట్లో ఒక ప్రయోగం చేశాం. దొడ్లో మునగచెట్టు ఉంది. గుప్పెడు ఆకు దూసి రోట్లో నలిపి, మందుల షాపులో దొరికే స్పిరిట్ పోసి, పాత ధోవతి గుడ్డలో వడకట్టాం. గాజు గ్లాసులో చిక్కటి ఆకుపచ్చ ద్రవం. లైట్లు ఆర్పించి, దొంగనోట్లు పట్టుకోవడానికి కిరాణా షాపుల్లో వాడే ఊదా లైటు దాని పక్కన పెట్టాను. ఆకుపచ్చ మాయమైపోయి గ్లాసు లోపలి నుంచి నెత్తురు ఎరుపులో వెలిగింది. అమ్మాయి వాళ్ళ అమ్మ "అమ్మో" అని గ్లాసు తీసుకుని తిప్పి తిప్పి చూశారు. లైటు తీసేస్తే పచ్చ, పెడితే ఎరుపు.

స్పిరిట్‌లో కరిగిన పత్రహరితానికి వెలుగును పట్టుకోవడం వచ్చు, దాన్ని అందించడానికి పక్కన ఎవరూ లేరు. కాబట్టి అందులో చెప్పుకోదగ్గ భాగాన్ని ఎర్రటి వెలుగుగా వదిలేస్తుంది. బతికున్న ఆకులో కూడా ఈ ఎరుపు పుడుతుంది గాని నూటికి ఒకటి రెండు వంతులే, కంటికి ఆనదు. 1931లో జర్మనీలో హాన్స్ కౌట్‌స్కీ ఈ సన్నటి ఎరుపు ఆకుని చీకట్లోంచి వెలుగులోకి తెచ్చినప్పుడు ఎలా పెరిగి తగ్గుతుందో గమనించాడు. ఈనాటికీ ఆకు ఆరోగ్యాన్ని పరికరాలు చదివేది ఆ మెరుపు నుంచే. ఆ ఎరుపు తగ్గడంలో ఒక రహస్యం దొరికింది. ఎండ ఎక్కువైన ఆకులో వెలుగు చక్కెర తయారీకీ పోవడం లేదు, ఎర్రగా తిరిగీ రావడం లేదు. మూడో దారి ఒకటి ఉండాలి. అదే వేడి. ఆకు తనకి అక్కర్లేని వెలుగును వేడిగా మార్చి గాలికి వదిలేస్తోంది. మిట్ట మధ్యాహ్నం పట్టిన వెలుగులో సగానికి పైగా ఇలా పోవచ్చు.

చెరువుకి అలుగు ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. కట్ట తెగకుండా, ఎక్కువైన నీరు ఒక పక్క నుంచి పొర్లిపోవడానికి. ఆకులో ఆ అలుగు ఎప్పుడూ తెరుచుకుని ఉండదు, అవసరం తెలిసి తెరుచుకుంటుంది. ఎలా తెలుస్తుందంటే, వెలుగు పని జరిగేటప్పుడు హరితరేణువులోని సన్న సంచుల్లోకి ప్రోటాన్లు చేరతాయి. చక్కెర తయారీ ఆ వేగాన్ని అందుకోలేకపోతే ప్రోటాన్లు పేరుకుని లోపల పులుపు పెరుగుతుంది. ఆ పులుపే గంట కొడుతుంది. ఒక ఎంజైము మేల్కొని వయొలాజాంతిన్ అనే పసుపు రంగును జియాజాంతిన్ అనే మరో రంగుగా మార్చేస్తుంది. పీఎస్‌బీఎస్ అనే చిన్న ప్రొటీన్ ఆ పులుపును పసిగట్టి, వెలుగు పట్టే పళ్ళాల అమరికను మారుస్తుంది. పత్రహరితం పట్టిన శక్తి వేడిగా జారిపోతుంది. హ్యారీ యమమోటో 1962లో ఈ రంగుల చక్రాన్ని వివరించాడు. జియాజాంతిన్‌కీ వేడిగా వదిలేయడానికీ ఉన్న సంబంధాన్ని 1987లో బార్బరా డెమిగ్ బయటపెట్టింది. పీఎస్‌బీఎస్ లేని మొక్కలో ఈ అలుగు సరిగా తెరుచుకోదని 2000లో కృష్ణ నియోగి బృందం చూపించింది. శైవలాల్లో దారి కొంచెం వేరు. క్లామిడోమోనాస్‌లో ఈ పని ఇంకో ప్రొటీన్ చేస్తుంది, డయాటమ్‌లు వేరే రంగుల జంట వాడతాయి. అలుగు మాత్రం అందరికీ ఉంది.

అలుగు ఉన్నా కొంత తెగుడు తప్పదు. వెలుగును మొదట అందుకునే యంత్రంలో డి1 అనే ప్రొటీన్ ఎండలో రోజూ దెబ్బతింటుంది. ఆకు దాన్ని విప్పి, పారేసి, కొత్తది అల్లి పెడుతూనే ఉంటుంది. గట్టి ఎండలో ఒక్కో డి1 ఆయుష్షు గంట లోపే. మరమ్మతు వేగం దెబ్బల వేగానికి వెనకబడితేనే ఆకు నష్టపోతుంది. ఇక్కడ మన హైదరాబాదు పేరు గర్వంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కె. శారదాదేవి, ఎ.ఎస్. రాఘవేంద్ర 1992లో బఠాణీ ఆకు కణాల మీద చేసిన పనిలో, శ్వాసక్రియ కూడా ఎండ దెబ్బ నుంచి కిరణజన్య సంయోగక్రియను కాపాడుతుందని చూపించారు. శ్వాసక్రియను మందులతో అణిచేస్తే ఆకు కణాలు ఎండకి ఇంకా ఎక్కువ దెబ్బతిన్నాయి. అంటే ఆకులో వెలుగు బాధ్యత హరితరేణువు ఒక్కదానిదే కాదు, కణంలో పక్క గదుల్లోనూ పంచుకునేవాళ్ళు ఉన్నారు. రాత్రి అన్నాలయ్యాక అమ్మాయికి ఈ సంగతి చెబుతుంటే నోటుపుస్తకం తెచ్చుకుని రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ మెట్ట చేనుకి వెళ్ళాం. ఉప్పునేల నుంచి కాస్త ఎడంగా, ఇసుక కలిసిన నేల. బొబ్బర్లు వేశారు. ఆలస్యంగా వేసిన చేను, వాన పడి చాలా రోజులైంది. ఏడింటికి మూడేసి రెక్కల ఆకులన్నీ తూర్పుకి తిరిగి ఎండను ఎదురుగా తీసుకుంటున్నాయి. చేను నీడ నేల మీద నిండుగా పడుతోంది. మళ్ళీ పన్నెండున్నరకి వెళ్ళాం. అదే చేను సగానికి పలచబడినట్టు ఉంది. ఒక్క ఆకూ రాలలేదు. రెక్కలన్నీ నిలువుగా లేచి, ఎండకి ముఖం ఇవ్వకుండా అంచు ఇచ్చాయి. నేల మీద నీడ సన్నటి గీతలైపోయింది, మొక్కల మధ్య మట్టి కనపడుతోంది. ఒక రెక్కను రెండు వేళ్ళతో పట్టుకుని అడ్డంగా వంచాను. అడుగున, కాడకి అంటుకునే చోట, చిన్న ఉబ్బు గట్టిగా ఎదురు తిరిగింది. ఆ ఉబ్బులో కణాలు ఒకపక్క నీరు నింపుకుని ఇంకోపక్క వదిలేసి ఆకును తిప్పుతాయి. వదలగానే రెక్క మళ్ళీ నిలువుకి వెళ్ళింది.

ఆకు వాడిపోయింది అనుకుంటారు చూసేవాళ్ళు. వాడిన ఆకు వేళ్ళకి మెత్తగా తగులుతుంది, ఇది బిర్రుగా ఉంది. నేలలో నీరు తక్కువైంది కాబట్టి ఆకు పత్రరంధ్రాలు మూసుకుంది. రంధ్రాలు మూస్తే కార్బన్ డయాక్సైడు లోపలికి రాదు. అది రాకపోతే వెలుగుకి పని లేదు. చివరి ఉప్పు మడిలో పోషకాలు లేక డునాలియెల్లాకి వచ్చిన కష్టమే, రావి చిగురుకి సరంజామా సిద్ధం కాక వచ్చిన కష్టమే, ఇక్కడ నీరు లేక బొబ్బరాకుకి వచ్చింది. ఎండ ఎంత ఉందన్నది సగమే లెక్క. ఆ ఎండను అందుకునే పని లోపల నడుస్తోందా ఆగిందా అన్నదే అసలు లెక్క. పని ఆగిన ఆకుకి పొద్దుటి ఎండ కూడా ఎక్కువే కావచ్చు. పైర్లకి వడదెబ్బ అని మనం అనేదానిలో నీటి కొరత ఎంతో, వెలుగు దెబ్బ ఎంతో విడదీసి చూడాలన్నది నా గట్టి నమ్మకం. నీరందించినా ఆ రోజుకి ఆకు కోలుకోకపోవడం రైతులు చూస్తూనే ఉన్నారు. లోపల మరమ్మతు పని మిగిలి ఉంది.

ఆకు పైకి కదలకపోయినా లోపల కదిలేది ఇంకొకటి ఉంది. కణాల్లో హరితరేణువులు సన్నటి వెలుగులో పైముఖం వైపు పరుచుకుంటాయి, గట్టి ఎండలో పక్క గోడలకి జరిగి ఒకదాని వెనక ఒకటి చేరతాయి. జపాన్ శాస్త్రజ్ఞులు 2002లో ఈ జరుగుబాటు చేతకాని మొక్కల్ని ఎండలో పెడితే అవి త్వరగా దెబ్బతిని పాలిపోయాయి.

తిరుగు బండి ఎక్కేసరికి ఆకాశంలో మబ్బులు తెల్లటి ముద్దలుగా తేలుతున్నాయి. అమ్మాయి కూడా విశాఖ దాకా నాతో వచ్చింది. తిలారు దాటాక పొలాల మీద మబ్బు నీడ పడి, జరిగిపోయి, మళ్ళీ ఎండ వచ్చింది. అలా రెండు మూడు సార్లు చూసి, "ఇప్పుడు ఆ ఆకులకి నీడొచ్చింది కదా మేడమ్, అలుగు వెంటనే మూసుకుంటుందా?" అని అడిగింది.

మంచి చోట పట్టుకుంది. మూసుకోదు. తెరవడానికి కొన్ని నిమిషాలు చాలు. జియాజాంతిన్ వెనక్కి మారడానికి మాత్రం పదుల నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడతాయి. మబ్బు వచ్చాక కూడా ఆకు ఆ కొద్ది వెలుగునీ వేడిగా పారబోస్తూనే ఉంటుంది. పైరు గుబురులో ఒక ఆకు నీడ ఇంకో ఆకు మీద పడి జరిగే ప్రతిసారీ ఇదే నష్టం. పంట మొత్తం మీద ఈ ఆలస్యం వల్ల పోగొట్టుకునేది ముప్పై శాతం దాకా ఉండవచ్చని అంచనా కట్టారు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాంగ్, బెర్క్లీలో కృష్ణ నియోగి బృందాలు కలిసి పొగాకు మొక్కలో మూడు జన్యువుల జోరు పెంచి, అలుగు త్వరగా మూసుకునేలా చేశాయి. 2016లో ఫలితం వచ్చింది. పొలంలో ఆ మొక్కల ఎండు బరువు సుమారు పదిహేను శాతం పెరిగింది. సోయాచిక్కుడు మీద అదే పని చేసి, మొదటి ఏడు గింజ దిగుబడి సగటున నాలుగో వంతు, మంచి వరసల్లో ముప్పై మూడు శాతం దాకా పెరిగిందని 2022లో చెప్పారు. గింజలో ప్రొటీన్ తగ్గలేదు. అయితే మరుసటి ఏడు పంట పడిపోవడంతో తేడా తేలలేదు. ఆవజాతి చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో ఇదే మార్పు చేస్తే పెరుగుదల తగ్గిందని 2020లో జర్మనీ నుంచి ఇంకో బృందం రాసింది.

అమ్మాయికి సోయాచిక్కుడు లెక్క వినగానే కళ్ళు పెద్దవయ్యాయి. నా మనసు అరాబిడాప్సిస్ దగ్గర ఆగింది. ఇల్లినాయి చేలల్లో నీరుంది, మబ్బులున్నాయి. వాళ్ళ నాన్న మెట్ట చేనులో మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆకు అంచు తిప్పుకుని నిలబడి ఉంది. అక్కడ అలుగు తొందరగా మూసుకునే మొక్క లాభపడుతుందో, కట్ట తెంచుకుంటుందో బయటి పొలాల లెక్కతో చెప్పలేం. ముందు మన బొబ్బరాకు ఏ గంటకి ఎంత వెలుగు పారబోస్తోందో, నీరు పెట్టిన మడిలో ఎంత, పెట్టని మడిలో ఎంత, నీడ పడ్డాక ఎన్ని నిమిషాలకి సర్దుకుంటోందో కొలిచినవాళ్ళుండాలి.

ఆకు ఎరుపును చదివే పరికరం వాళ్ళ విశ్వవిద్యాలయం ల్యాబులో ఉందట, ఎక్కువ వాడకం లేదట. చేను వాళ్ళదే. విజయనగరం వచ్చేలోగా నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుంది. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంట గంటకీ ఒక కొలత, నీరు పెట్టిన మొక్కలు ఇరవై, పెట్టనివి ఇరవై, ప్రతి కొలతకి ముందు ఆకును ఎంతసేపు చీకట్లో ఉంచాలో పక్కన రాత. గైడుకి చూపించే ముందు నాకు పంపమన్నాను. ఆకు నిలువుగా తిరిగి ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే కొలవాలని, వంచి అడ్డంగా పెట్టి కొలిస్తే ఆ ఆకు మీద పడని ఎండని లెక్కలో రాసినట్టవుతుందని అడుగున ఎర్ర సిరాతో నేనే రాసిచ్చాను.